ట్రంకు పెట్టెలో మట్టి

మా ఇంటికి తెల్ల ఎలుకలు వచ్చేనాటికి అమ్మ పోయి రెండు నెలలు. ఈ రెంటికీ సంబంధం ఉందని నేను చెప్పను. ఉందని పక్కింటి అత్త అంది. ఆవిడకు ప్రతిదానికీ ఏదో ఒక సంబంధం కనిపిస్తుంది.

ఛత్తీస్‌గఢ్ వేరే రాష్ట్రమై అప్పటికి ఐదారేళ్లయింది. నేను బిలాస్‌పూర్‌లో, కోని వైపున్న ఒక ఫార్మసీ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుని. ప్రయోగాలకు ఎలుకల్ని ఉంచే గది నా చేతి కింద ఉండేది. నీళ్ల సీసాలు నింపడం, కింద పరిచిన ఊక మార్చడం, రోజూ బరువు తూచి రిజిస్టరులో రాయడం నా పని. ప్రతి ప్రయోగానికీ ఎలుకల్ని రెండు జట్లు చేస్తారు. ఒక జట్టుకు మందు, రెండో జట్టుకు ఒట్టి నీళ్లు. మందు పడిన వాటికి ఏమైందో తెలియాలంటే ఏమీ పడనివి కొన్ని పక్కన ఉండాలి. ప్రయోగం అయ్యాక రెండు జట్లకూ ఒకటే గతి. ఆ గదిలో మూడేళ్లు పనిచేశాను గాని ఆ సంగతి గురించి పెద్దగా ఆలోచించలేదు. అమ్మ పోయాక అసలే లేదు. అప్పుడు నాకు ఏ సంగతికీ పెద్దగా ఏమీ అనిపించేది కాదు.

ఆ నెల ఒట్టి నీళ్ల జట్టులో రెండు ఆడ ఎలుకలు మిగిలిపోయాయి. "ఇన్ కా దేఖ్ లేనా" అన్నారు ల్యాబ్ సారు, కాగితాల మీంచి తల ఎత్తకుండా. వాటి సంగతి చూడమంటే ఏం చెయ్యమనో నాకు తెలుసు. వాటిని అట్టపెట్టెలో పెట్టి, మూతకు పెన్నుతో కన్నాలు పొడిచి, రెండు షేర్ ఆటోలు మారి తిఫ్రాలో మా ఇంటికి తెచ్చేశాను. జాలిపడి కాదు. ఆ సాయంత్రం ఆ పనికి చేతులు లేవలేదు, అంతే.

ఇంట్లో మిగిలింది నేనూ నాన్నా. నాన్న రైల్వేలో గ్యాంగుమేన్‌గా చేరి కీమేన్‌గా రిటైరయ్యాడు. భుజాన సుత్తి వేసుకుని, పట్టాల వెంట రోజూ మైళ్ల కొద్దీ నడిచి, వదులైన కీలు బిగించడం ఆ ఉద్యోగం. ముప్పై ఆరేళ్లు నడిచినవాడు అమ్మ పదోరోజు నుంచి కుర్చీ దిగలేదు.

ఆ పదోరోజు సంగతి చెప్పాలి. అర్పా నది ఒడ్డున పిండం పెట్టాం. శ్రీకాకుళం నుంచి చుట్టాలొచ్చారు. కాకి ఎంతకీ ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిందని మా వాళ్ల లెక్క. అప్పుడు దగ్గరివాళ్లు ఒక్కొక్కరూ ముందుకొచ్చి, ఫలానాది చేస్తాం, ఫలానాది మానేస్తాం అని మాటిస్తారు. అమ్మకు ఆ అవసరమే రాలేదు. పిండం పెట్టి నాన్న చెయ్యి కడుక్కునే లోపే ఒక కాకి వచ్చి ముట్టేసింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. "ఏ కోరికా నేకుండా ఎల్లిపోనాది, పున్నాత్మురాలు" అంది ఒకావిడ. "అంత తొందరగానా" అన్నాడు నాన్న. నాకు తప్ప ఎవరికీ వినపడలేదు.

ఇంటికొచ్చాక కుర్చీలో కూర్చుని, నా వైపు చూడకుండా చెప్పాడు. "కాకి రాకపోతే ఏటి సెప్పాలో అనుకునే ఎల్లేనమ్మా. ఖైనీ మానెత్తానని సెప్దామనుకున్నాను. ముప్పయ్యేళ్లు అడిగినాది గదా. ఆకరికి అడగనేనేదు."

ఆ తర్వాత ఖైనీ మానేశాడు. దానితోపాటు తిండి కూడా మానేశాడు. కంచం ముందు పెడితే రెండు ముద్దలు కలిపి, ఒక ముద్ద తిని, చెయ్యి కడిగేసుకునేవాడు. ఆయనకు షుగరు. మాత్రలు వేసుకుంటూ తినకపోతే ఎప్పుడు పడిపోతాడో తెలియదన్నాడు డాక్టరు. బలవంతంగా నాలుగు మెతుకులు కుక్కితే లాభం లేదట. "భూఖ్ లగ్‌నీ చాహియే" అన్నాడు. ఆకలి వెయ్యాలట. ఆకలికి మందు రాశాడు గాని అది పనిచేస్తుందని ఆయనకే నమ్మకం ఉన్నట్టు కనపడలేదు. నెలనెలా తీసుకురమ్మన్నాడు. బరువు ఇలాగే దిగిపోతుంటే ఆసుపత్రిలో చేర్చి సెలైను ఎక్కించాలన్నాడు. అమ్మ చివరి పన్నెండు రోజులూ అదే ఆసుపత్రిలో, సెలైను సీసా కిందే గడిచాయి. రోజూ ఎలుకల బరువు రాసేదాన్ని, నెలకోసారి నాన్న బరువు చూసి రావడం మొదలుపెట్టాను.

ఎలుకల్ని అమ్మ జాలీ బీరువాలో పెట్టాను. పాలగిన్నెలు, పెరుగు గిన్నెలు పిల్లి పాలు కాకుండా అమ్మ దాచుకునే బీరువా అది. పక్కింటి అత్త చూసి గుండెలు బాదుకుంది.

"ఓలమ్మో! పాలెట్టుకునే దాంట్లో ఎలకలేటే! మీయమ్మ సూత్తే ఏటంతాది?"

"చూడదు కదా అత్తా" అన్నాను.

అన్నాక తప్పుగా అన్నానని తెలిసింది. ఆవిడ కళ్లొత్తుకుంటూ వెళ్లిపోయింది. నేను వెనక్కి పిలవలేదు. ఆ రోజుల్లో ఏడ్చేవాళ్లను చూస్తే నాకు విసుగొచ్చేది. అసలు పోయింది మా అమ్మ. ఏడవాల్సిన నేను ఏడవడం లేదు. వీళ్లందరికీ కన్నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో అనుకునేదాన్ని.

నాన్న కుర్చీలోంచే తల తిప్పి చూశాడు. "ఏటయ్యి?"

"ఎలుకలు."

"తెలుపేటి?"

"అలాగే పుడతాయి."

"మందెట్టీ" అని మళ్లీ గోడ వైపు తిరిగాడు.

ఆ మాటకు ఆయన్ని తప్పుపట్టలేను. గ్యాంగులో పనిచేసినవాడికి ఎలుకంటే పగ. వానాకాలం ముందు ఏటేటా పట్టాల కింది కట్ట పొడవునా ఎలుక కన్నాలు వెతికి పూడ్చేవాళ్లు. కన్నంలోకి నీరు దిగితే కట్ట జారుతుంది, కట్ట జారితే పట్టాలు గాల్లో వేలాడతాయి. చిన్నప్పుడు కథ చెప్పమంటే నాన్న ఇదే చెప్పేవాడు. "గుప్పెడంత ఎలకమ్మా, గూడ్సు బండిని పడగొట్టీగలదు" అనేవాడు. రాజులూ రాక్షసులూ లేని ఆ కథ విని నేను హాయిగా నిద్రపోయేదాన్నట.

ఎలుకలు కూడా నాన్నలాగే ఉన్నాయి. గిన్నెలో గింజలు పోస్తే రెండు కొరికి వదిలేసేవి. పగలంతా ఒకదాని మీద ఒకటి పడి నిద్ర. వాటిలో ఒకటి లేచినప్పుడల్లా జాలీ తీగను కొరికేది. రెండోది బీరువా మూల చెక్కను ముందుకాళ్లతో గీరేది. గీరి గీరి, ఏమీ రాకపోతే మళ్లీ వచ్చి పడుకునేది. వాటికి నేను పెద్ద సేవేమీ చెయ్యలేదు. కాలేజీకి పట్టుకెళ్లిన టిఫిను డబ్బా సాయంత్రం ఎలా వెళ్లిందో అలాగే వచ్చేది, అందులో అన్నం వాటి గిన్నెలో బోర్లించేదాన్ని. నా తిండి ఎలా వృథా అవుతోందో నేను గమనించుకోలేదు. ఎలుకలున్నాయి కాబట్టి వృథా కాలేదనే అనుకున్నాను.

ఒకరోజు కాలేజీ కంప్యూటర్లో వాటి గురించి చదివాను. ఎలుకకు తిండి గిన్నెలో పెట్టి చేతికందిస్తే మందకొడిగా అయిపోతుందట. తవ్వుకోడానికి మట్టి కావాలి, వెతుక్కోడానికి ఆ మట్టిలో గింజలు పాతిపెట్టాలి. ఎదురుగా గిన్నె నిండా ఉన్నా సరే, వెతికి తిన్నదే దానికి తిండి. ఇలాంటివి కనిపెట్టినవాళ్లకు వేరే పనులు లేవా అనుకున్నాను. అయినా ఆదివారం నాన్నను అడిగాను.

"నాన్నా, పాత ట్రంకు పెట్టెలో కాస్త మట్టి పోసి పెడతావా? నాకు టైము లేదు."

టైముంది. బయటికెళ్లి మట్టి మొయ్యాలంటే ఒళ్లు బరువుగా ఉంది. నాన్నను కుర్చీలోంచి లేపే ఉపాయమని తర్వాత అందరితో చెప్పుకున్నాను గాని, అది నిజం కాదు.

"దేనికి?"

"ఎలుకలు తవ్వుకోడానికి."

"నాను మట్టి పొయ్యాల. అయ్యి తవ్వాల."

"ఔను."

"అచ్ఛా" అన్నాడు. ఆ అచ్ఛాలో ఒప్పుకోలు ఎంతో, వెటకారం ఎంతో తెలియలేదు.

సోమవారం సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి పెట్టె తయారుగా ఉంది. మూత ఊడదీసేశాడు. మా వీధి చివర రోడ్డు కోసం పోసిన మొరం తెచ్చి, జల్లించి, నీళ్లు చిలకరించి, వరస మీద వరస వేసి, అమ్మ రోకలితో దిమ్మిస కొట్టాడు. మూడు వరసలట. పైన నీరు నిలవకుండా మధ్యలో కాస్త ఎత్తు, రెండు పక్కలకూ వాలు. వంటింట్లో ఉండే పెట్టెలోకి వాన ఎక్కణ్నుంచి వస్తుందని నేనడగలేదు. నాన్న చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుని ఉంది. అలా చూసి చాలా రోజులైంది.

ఎలుకల్ని దాని మీద వదిలాం. అవి అటు చివరి నుంచి ఇటు చివరికి నడిచాయి. గీరాయి. గోటికి పొడి కూడా రాలేదు. మధ్యలో ఎత్తు మీద కూర్చుని మొహాలు కడుక్కున్నాయి. ఒకటి మాత్రం వాలు మీద ఉచ్చ పోసింది. అది ఎక్కడా నిలవకుండా చక్కగా పక్కకు జారిపోయింది.

మూడు రోజులు ఇదే వరస. నాన్న కుర్చీ గోడ వైపు నుంచి పెట్టె వైపు తిప్పుకున్నాడు. "తవ్వవేటి ఇయ్యి? ఎలకలు కావేటి?"

"గట్టిగా ఉంది నాన్నా."

"గట్టిగుండాల గదా."

ఆ మాటన్నాక తనే ఆగిపోయాడు. పెట్టె వైపు చూశాడు, తన చేతుల వైపు చూసుకున్నాడు. "ఎలక దూరని కట్ట కట్టడమే గాని ఎలక దూరే కట్ట కట్టడం నాకు తెల్దు" అన్నాడు. మర్నాడు గునపం తీసుకుని తను కట్టిందంతా తనే కొట్టేశాడు. "కొండను తవ్వి ఎలకను పట్టేరంతారు. నాను ఎలక కోసం కొండ కట్టి, మల్లీ నానే తవ్వతన్నాను" అని గొణిగాడు.

రెండోసారి పెరటి మట్టి పోశాడు. అందులో ఏటి ఇసుక, ఎండాకులు, కాస్త వరిగడ్డి కలిపాడు. రోకలి జోలికి పోలేదు. గీరే అలవాటున్న ఎలుక మొదట దిగింది. ముందుకాళ్లతో మట్టి లాగి, పొట్ట కిందకు తోసి, వెనక్కాళ్లతో తన్నింది. తల పోయింది, భుజాలు పోయాయి, చివరికి తోక ఒక్కటీ బయట మిగిలింది. రెండోది దాని వెనకే దూరింది. వంటింటి నేలంతా మట్టి. నాన్న మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ముందుకు వంగి చూశాడు.

"పోనాది కట్ట" అన్నాడు.

సంతోషమో బాధో చెప్పలేను. డ్యూటీ దిగి ఇంటికొచ్చి అమ్మకు ఆ రోజు సంగతి చెప్పే గొంతు అది. నాకేమైనా అనిపించిందా అంటే, నేల తుడవాలి అనిపించింది.

తర్వాత శనగలు పాతిపెట్టడం. అది కూడా ఆయనకే అప్పగించాను. మొదటిరోజు ఎలుకలు కాసేపు వెతికాయి. రెండోరోజు నిమిషాల్లో ఊడ్చేశాయి. మూడోరోజు మట్టిలో దిగి, తిన్నగా ఒక వరసలో నడుచుకుంటూ, ఆగిన చోటల్లా ఒక శనగ తీసి తినేసి, మళ్లీ వచ్చి పడుకున్నాయి. నేను మట్టి కదిపి చూశాను. నాన్న శనగల్ని రెండు వరసల్లో, జానెడుకొకటి చొప్పున, పట్టాల కింద స్లీపర్లు వేసినట్టు పాతాడు.

"ఒకటి దొరికితే మిగతావన్నీ ఎక్కడున్నాయో వాటికి తెలిసిపోతోంది నాన్నా. వరసలో పెట్టకు."

"మరెలగెట్టాల?"

"ఎక్కడంటే అక్కడ."

"ఎక్కడంతే అక్కడంతే ఎక్కడే?"

నాకూ తెలియలేదు. వరస తప్పకుండా బతికిన మనిషికి వరస తప్పడం ఎలాగో చెప్పడం కష్టం. చివరికి ఆయనే ఉపాయం కనిపెట్టాడు. కళ్లు మూసుకుని శనగలు పెట్టె మీదకు విసిరేవాడు. ఏది ఎక్కడ పడితే అక్కడ, ఒకటి వేలి లోతున, ఒకటి మణికట్టు లోతున పాతేవాడు. కొన్నాళ్లకు కళ్లు మూసుకోవాల్సిన పని లేకపోయింది. అట్ట గొట్టాల్లో పెట్టి రెండు చివర్లూ మడిచేవాడు, మొక్కజొన్న పొత్తు ఆకుల్లో చుట్టేవాడు. ఎలుకలు గంటల తరబడి వెతికేవి. గిన్నెలో అవే శనగలుంటే మూతి కూడా పెట్టేవి కావు. "దొంగముండలు" అనేవాడు వాటిని ముద్దుగా.

లేచి తిరుగుతున్నాడు కదా, ఇక తింటాడు అనుకున్నాను. తినలేదు. శనగలు వేయించి, చల్లార్చి, పాతిపెట్టి, ఒక్కటి నోట్లో వేసుకోకుండా చెయ్యి దులిపేసుకునేవాడు. నెల తిరిగేసరికి బరువు ఇంకా దిగింది. డాక్టరు నాతో గట్టిగానే చెప్పాడు. వచ్చే నెల ఇలాగే ఉంటే చేర్చేయాల్సిందే. ఆటోలో తిరిగొస్తూ నాన్న "నన్నక్కడ ఎయ్యకమ్మా" అన్నాడు. తల ఊపాను. ఊపడమైతే ఊపాను గాని, ఏం చెయ్యాలో తెలియదు.

ఆ సాయంత్రం గిన్నె కడుగుతుంటే అందులో ముట్టని శనగలు. పక్కన నాన్న కంచంలో ముట్టని అన్నం. రెండూ ఒకేచోట చూసేసరికి అమ్మ గుర్తొచ్చింది.

అమ్మకు దాచే అలవాటు. నాన్నకు షుగరని తెలిసినప్పటి నుంచి ఇంట్లో తీపి వండితే దాచేసేది. బియ్యం డబ్బాలో, గడియారం వెనక, చలికాలం రజాయిల మధ్య. నాన్న వెతికి పట్టి తినేసేవాడు. అమ్మ సాయంత్రం చూసుకుని, "ఇంట్లో పందికొక్కులు పడ్డాయి" అని కేకలేసేది. నా చిన్నతనమంతా ఈ రభసే. కాని ఒకసారి నేను చూశాను. అమ్మ బియ్యంలో దాచింది ఒకే ఒక్క సున్నుండ. మిగతా డబ్బా అత్త ఇంట్లో ఉంచి వచ్చింది. ఎందుకమ్మా ఒకటే దాచావు అంటే, "ఒకటైతే పరవానేదు" అంది. దాచింది దొరక్కూడదని కాదు.

నేను తీపి దాచలేను. వేయించిన శనగలు, ఉప్పేసి ఉడకబెట్టిన వేరుశనగలు, ఇక్కడివాళ్లు చేసే ఠేఠ్రీ, అంటే శనగపిండితో మన జంతికల్లా ఉంటుంది, ఇవి కాగితంలో కట్టి దాచడం మొదలుపెట్టాను. గడియారం వెనక ఒకటి. మేకుకు తగిలించిన చొక్కా జేబులో ఒకటి. బియ్యం డబ్బాలో ఒకటి. ఏమీ చెప్పకుండా కాలేజీకి వెళ్లిపోయేదాన్ని. సాయంత్రం వచ్చి చూసేదాన్ని.

నాలుగు రోజులు ఎక్కడివక్కడే ఉన్నాయి. పెట్టడం, తప్పుకుని నిలబడటం, ముట్టారా లేదా అని చూడటం. నది ఒడ్డున చేసిన పనే ఇంట్లోనూ చేస్తున్నానని అర్థమైంది. అప్పుడు భయమేసింది. అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా నేనంత భయపడలేదు. కాకి తొందరగా వచ్చిందని నాన్న ఎందుకంత బాధపడ్డాడో తెలిసింది గాని, నాకైతే ఎంత తొందరగా ముడితే అంత మేలు.

ఐదోరోజు గడియారం వెనక పొట్లం లేదు. కాగితం మాత్రం నాలుగు మడతలు పెట్టి మళ్లీ అక్కడే ఉంచాడు. నేను చూసి, "ఇంట్లో పందికొక్కులు పడ్డాయి" అన్నాను. అరవడం నాకు చేతకాదు, మామూలుగానే అన్నాను. నాన్న గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. భుజాలు కదిలాయి. నవ్వాడో ఏడ్చాడో చూడ్డానికి ముందుకు వెళ్లలేదు.

ఆ నెల బరువు దిగలేదు. మర్నెల కాస్త పెరిగింది. వెతికి తినడంతో మొదలుపెట్టి కంచంలోది కూడా తినడానికి వచ్చాడు. "మందేం మార్చారు?" అని అడిగాడు డాక్టరు. ఏమీ మార్చలేదన్నాను. అక్కడితో నా పని అయిపోయిందనుకున్నాను. మళ్లీ కాలేజీ, ఆటో, ఇల్లు. అన్నం డబ్బా తీసుకెళ్లడం, తెచ్చి ఎలుకలకు వెయ్యడం. "సుడీదారులో నువ్వున్నావేటే, నేపోతే హేంగరుందా?" అని అత్త అడిగింది. పనెక్కువగా ఉందన్నాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకో అని మనసులో అనుకున్నాను కూడా. నాన్న నా డబ్బా వైపు చూసేవాడు. ఎలుకల కోసం చూస్తున్నాడనుకునేదాన్ని.

ఎండాకాలంలో తీగ కొరికే ఎలుక చచ్చిపోయింది. కడుపు కింద గడ్డ పెరిగింది, అలాంటివి నేను ల్యాబులో చాలా చూశాను. ఆడ ఎలుకలకు మామూలే. నాన్న పెరట్లో చిన్న గొయ్యి తీశాడు. దాన్ని పాత తువ్వాలు ముక్కలో చుట్టి పెట్టి, పైన మట్టి వేసి, కాలితో తొక్కబోయి ఆగాడు.

"దిమ్మిస కొట్టనేదు" అన్నాడు లోపలికొచ్చాక. "వొదులుగా ఒగ్గీసేను."

మంచిదే అన్నాను. ఆ రోజు కూడా నాకు ఏడుపు రాలేదు. అన్నం తినబుద్ధి కాలేదు, అదీ కొత్త కాదు.

వానలు మొదలయ్యే ముందు, అమ్మ సంవత్సరీకానికి ఇంకా నెల ఉందనగా, ఒక ఉదయం వంటకు బియ్యం తీస్తున్నాను. గ్లాసు ముంచితే కింద ఏదో తగిలింది. చెయ్యి పెట్టి లాగితే హిందీ పేపరు పొట్లం. ఎప్పుడో నేనే దాచి మరిచిపోయానేమో అనుకున్నాను. విప్పితే వేరుశనగ ఉండ. బెల్లంతో కట్టింది. నేను నాన్నకు ఎప్పుడూ తీపి దాచలేదు.

అమ్మ దాచిందేమో అనిపించింది. అలా అనిపించినంతసేపూ నేను కదల్లేదు. కాని ఈ డబ్బా అమ్మ పోయాక నేనే రెండుసార్లు ఖాళీ చేసి కడిగాను. పైగా ఆ ఉండ అమ్మ చేసింది కాదు. గుండ్రంగా లేదు, ఒక పక్క నొక్కుకుపోయింది, పాకం ముదిరి నల్లబడింది. ముందురోజు సాయంత్రం ఇంట్లోకి వస్తూనే మాడు వాసనేస్తే ఏమిటని అడిగాను. "పాలు పొంగినాయి" అన్నాడు నాన్న. ఆయన జన్మలో స్టవ్ ముందు నిలబడింది శనగలు వేయించడానికే.

అప్పుడు అర్థమైంది, ఆయన రోజూ నా డబ్బా వైపు ఎందుకు చూసేవాడో. నేను బోర్లించే అన్నం ఎంతో ఆయన చూస్తూనే ఉన్నాడు. కంచంలో పెట్టి తినమంటే నేను తిననని కూడా ఆయనకు తెలుసు. ఆ సంగతి మా ఇంట్లో ఆయన కన్నా ఎవరికి బాగా తెలుస్తుంది?

ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఆకలేసింది. కడుపులో మెలిపెట్టేంత ఆకలి. బియ్యం డబ్బా పక్కనే నేల మీద కూర్చుని కొరికాను. మాడిన బెల్లం చేదు. గింజలకు బియ్యప్పొడి అంటుకుని ఉంది. అది అవ్వకముందే మళ్లీ చెయ్యి పెట్టి కెలికాను. ఇంకొకటి దొరికింది. మొదటిది డబ్బా మధ్యలో ఉంటే, రెండోది అంచున, బాగా అడుగున ఉంది. వరస లేదు.

పక్కన ట్రంకు పెట్టె ముందు నాన్న మట్టి కలుపుతూ కూర్చున్నాడు. మిగిలిన ఒక్క ఎలుకా ఆయన మోచేతి మీద ఉంది. నా వైపు తిరగలేదు.

"దొరికినాయేటి గుంటా?"

నోరు నిండా ఉంది. ఊఁ అన్నాను.

"ఎన్ని?"

రెండు వేళ్లు ఎత్తి చూపించాను. అప్పుడు తిరిగి చూశాడు.

"మూడున్నాయి" అన్నాడు. "ఎతుకు."

మోచేతి దాకా బియ్యంలోకి చెయ్యి పెట్టాను.